కుంకుడు కాయకూ సముద్ర దోసకాయకూ ఏమిటి సంబంధం?

ముందుగా రెండు పొడుపు కథలు విప్పండి.

ఒకటి: చెట్టున కాస్తాను, నోటికి పనికిరాను. తలకెక్కితే మురికి వదిలిస్తాను, కంట్లో పడితే ఏడిపిస్తాను.

రెండు: పేరుకు దోసకాయను, పాదున కాయను. వందల కాళ్లున్నాయి, పరుగెత్తలేను.

మొదటిది మూడో తరగతి పిల్ల కూడా చెప్పేస్తాది. కుంకుడు కాయ. రెండోది సముద్ర దోసకాయ. దాన్ని నేను లైబ్రరీ పుస్తకంలో బొమ్మగానే చూశాను. పక్కన నేను గీసిన బొమ్మ ఆ పుస్తకం చూసి గీసిందే.

ఒకటి కొండ మీద చెట్టు, ఒకటి సముద్రం అడుగున జంతువు. రెండూ ఒకదాన్నొకటి ఎప్పుడూ చూసి ఉండవు. కాని రెండింటి ఒంట్లోనూ ఒకే రకం సరుకు దాగి ఉంది. అదేమిటో, దానితో అవి ఏం చేసుకుంటాయో, మనకు దానితో ఏం పనో ఈ వ్యాసంలో రాస్తున్నాను.

కుంకుడు చెట్టు

కుంకుడు మన తూర్పు కనుమల అడవుల్లో ఎవరూ నాటకుండా పెరుగుతాది. ఊళ్లలో నాటుకున్నవాళ్లు కూడా ఉన్నారు. దక్షిణ దేశంలో ఉండే రకానికి శాస్త్రీయ నామం సాపిండస్ ఎమార్జినేటస్. హిమాలయాల వైపు ఉండేది వేరే రకం, దాన్ని సాపిండస్ ముకోరోస్సీ అంటారు. లాటిన్ భాషలో సపో అంటే సబ్బు. సాపిండస్ అంటే ఇండియా సబ్బు అని అర్థం. మనం సబ్బు అనే మాటకు కూడా మూలం ఆ లాటిన్ మాటేనట. ఎమార్జినేటస్ అంటే ఆకు కొసన గంటు ఉన్నది అని. ఈసారి కుంకుడు చెట్టు కనబడితే ఆకు తిప్పి చూడండి, కొస దగ్గర ఎవరో గోరుతో గిల్లినట్టు చిన్న నొక్కు ఉంటాది.

కాయలు మూడేసి అంటుకొని కాస్తాయి. ఒక్కో కాయలో నల్లగా నున్నగా రాయిలాంటి గింజ ఒకటి ఉంటాది. మనం చిన్నప్పుడు ఆ గింజలతోనే ఆడుకున్నాం. నురగ వచ్చేది గింజ నుంచి కాదు, పైనున్న గుజ్జు నుంచి. అందుకే మన ఇళ్లలో కాయ చితక్కొట్టి గింజ తీసేసి గుజ్జు ఎండబెడతారు. చలి పోయి ఎండలు ముదిరే రోజుల్లో కాయలు ఏరి సంతకు తీసుకుపోతారు, లేకపోతే జి.సి.సి. డిపోకు ఇస్తారు. జి.సి.సి. అంటే గిరిజన సహకార సంస్థ. అది 1956లో విశాఖపట్నంలో మొదలయింది. చింతపండు, తేనె, కొండ చీపుళ్లు, కుంకుళ్లు అదే కొంటాది.

సముద్ర దోసకాయ

ఇది కాయ కాదు, జంతువు. వెన్నెముక లేనిది కాబట్టి అకశేరుకం. ఇఖైనోడెర్మేటా వర్గంలోది. సముద్ర నక్షత్రం దీని చుట్టం. ప్రపంచంలో 1,700కు పైగా రకాలున్నాయి. కొన్ని మన చిటికెన వేలంత, కొన్ని మనిషి కంటే పొడుగు. లోతు తక్కువ నీళ్లలో ఉన్నాయి, సూర్యుడి వెలుగు పోని లోతుల్లో కూడా ఉన్నాయి.

ఒక కొసన నోరు, నోటి చుట్టూ కుచ్చులాగ స్పర్శకాలు. వాటితో ఇసుక, బురద నోట్లో పెట్టుకుంటాది. అందులో ఉన్న కుళ్లిన పదార్థాన్ని, సూక్ష్మజీవులను అరిగించుకొని మిగిలిన ఇసుకను వెనక నుంచి వదిలేస్తాది. పొలంలో వానపాము చేసే పని సముద్రంలో ఇది చేస్తాది. చాలా రకాలకు పొట్ట కింద నాళికా పాదాలు వరుసగా ఉంటాయి. వాటితో మెల్లగా జరుగుతాది. చాలా రకాలు గాలి పీల్చుకునేది కూడా వెనక వైపు నుంచే. నవ్వకండి, నిజం. ఆ దారిన నీళ్లు లోపలికి తీసుకొని, చెట్టు కొమ్మల్లాంటి శ్వాస అవయవంతో ఆక్సిజన్ తీసుకుంటాది.

దానికి పెంకు లేదు, కొమ్ములు లేవు, పళ్లు లేవు, పరుగు రాదు. ఒళ్లు మెత్తన. మరి చేపలు, పీతలు దాన్ని ఎందుకు తినేయలేదు? ఈ ప్రశ్నకు జవాబు దగ్గరే అది కుంకుడు కాయను కలుసుకుంటాది.

రెండింటిలో ఉన్న ఒకే సరుకు

ఆ సరుకు పేరు సపోనిన్. ఇది కూడా సపో అనే మాట నుంచే వచ్చింది. సపోనిన్లు వందల రకాల మొక్కల్లో ఉన్నాయి. జంతువుల్లో ఉండవని చాలాకాలం అనుకున్నారు. 1952లో అమెరికాలో నిగ్రెల్లీ అనే శాస్త్రవేత్త సముద్ర దోసకాయ నుంచి తీసిన విషం గురించి రాశాడు. దానికి హోలోతురిన్ అని పేరు పెట్టారు. అది కూడా సపోనినే అని తేలింది. ఇప్పటికి తెలిసినంతలో జంతువుల్లో సపోనిన్లు బాగా ఉన్నవి సముద్ర దోసకాయలు, సముద్ర నక్షత్రాలు. మిగతా జంతువుల్లో బహు అరుదు.

సపోనిన్ అణువుకు రెండు భాగాలు ఉంటాయి. ఒక భాగం చక్కెరలతో తయారయింది, దానికి నీళ్లంటే ఇష్టం. రెండో భాగం జిడ్డు లాంటిది, దానికి నూనె అంటే ఇష్టం. రెండు చేతులున్న మనిషి అనుకోండి. ఒక చేత్తో నీళ్లను పట్టుకుంటాడు, రెండో చేత్తో తలలో జిడ్డును పట్టుకుంటాడు. మనం చెంబుతో నీళ్లు పోసుకోగానే నీళ్లు పోతూ పోతూ ఆ మనిషిని లాక్కుపోతాయి. ఆ మనిషి జిడ్డును లాక్కుపోతాడు. తల శుభ్రం అవడం అంటే ఇదే. నురగ కూడా అలాగే. గాలి బుడగ చుట్టూ ఈ అణువులు చేయి చేయి కలిపి నిలబడితే బుడగ తొందరగా పగలదు.

చేసి చూడండి

నాలుగు చిన్న సీసాలు తీసుకోండి. రెండింటిలో మంచినీళ్లు పోయండి, రెండింటిలో గుప్పెడు ఉప్పు కలిపిన నీళ్లు పోయండి. ఒక మంచినీళ్ల సీసాలో, ఒక ఉప్పునీళ్ల సీసాలో సబ్బు గీరి వేయండి. మిగతా రెండింటిలో కుంకుడు రసం పోయండి. మూతలు పెట్టి ఇరవై సార్లు ఊపండి.

మా తరగతి వాళ్లం చేసినప్పుడు మంచినీళ్లలో రెండూ బాగా నురగ కట్టాయి. ఉప్పునీళ్లలో సబ్బు పాలు విరిగినట్టు ముక్కలు ముక్కలు అయిపోయింది, నురగ లేదు. కుంకుడు రసం మాత్రం ఉప్పునీళ్లలో కూడా నురగ కట్టింది.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, సముద్ర దోసకాయ ఉండేది ఉప్పునీళ్లలో. సబ్బు లాంటి సరుకు దాని ఒంట్లో ఉంటే సముద్రంలో విరిగిపోయి దేనికీ పనికిరాదు. సపోనిన్ అయితే ఉప్పునీళ్లలో కూడా పని చేస్తాది.

జాగ్రత్త: ఈ ప్రయోగం చేసేటప్పుడు కళ్లు తుడుచుకోవద్దు.

కంట్లో మంట ఎందుకు, చేప చావు ఎందుకు

మన ఒంట్లో ప్రతి కణానికీ పలచని పొర ఉంటాదని చదువుకున్నాం. జంతువుల కణాల పొరలో కొలెస్టరాల్ అనే జిడ్డు పదార్థం ఉంటాది. సపోనిన్‌కు జిడ్డును పట్టుకునే చేయి ఉందని చెప్పాను కదా. అది కొలెస్టరాల్‌ను పట్టుకొని పొరకు చిల్లులు పెడతాది. కంట్లో పొర సున్నితం కాబట్టి మంట పెడతాది. వెంటనే నీళ్లతో కడుక్కుంటే తగ్గుతాది.

చేపకు అలా కడుక్కునే వీలు లేదు. అది ఊపిరి తీసుకోవాలంటే నీళ్లు మొప్పల మీదుగా పోవాలి. మొప్పల చర్మం చాలా పలచన. నీళ్లలో సపోనిన్ ఉంటే అది నేరుగా మొప్పలను పట్టుకుంటాది, ఎర్ర రక్త కణాలను పగలగొడతాది. చేప ఊపిరాడక పైకి తేలిపోతాది.

ఈ సంగతి మన పెద్దవాళ్లకు ఎప్పుడో తెలుసు. మంగ కాయలో కూడా సపోనిన్లు ఉంటాయి. పూర్వం దాన్ని చితక్కొట్టి గెడ్డలో మడుగు దగ్గర కలిపి చేపలు పట్టేవారు. మా మామ్మ బడికి పోలేదు. అయినా కుంకుడు కాయ గురించి "కాయలో సబ్బూ ఉంది, సావూ ఉంది" అని చెప్తాది. సపోనిన్ అనే పేరు ఒక్కటే దానికి తెలియదు.

పసిఫిక్ మహాసముద్రంలో గువామ్ అనే దీవి ఉంది. అక్కడివాళ్లు సముద్ర దోసకాయను కోసి దాని రసం రాళ్ల మధ్య గుంటల్లో పిండి చేపలు పట్టేవారని 1951లో ఒక శాస్త్ర పత్రికలో వచ్చింది. వాళ్లు మన కొండలు చూడలేదు, మనం వాళ్ల దీవి చూడలేదు. వాళ్లకు సముద్రం నేర్పింది, మనకు అడవి నేర్పింది. చదువు రాని వాళ్లని మన పెద్దవాళ్లను తీసిపారేసే వాళ్లు ఈ ఒక్క సంగతి ఆలోచించాలి.

అలా పట్టిన చేప తింటే మనిషికి ఎందుకు ఏమీ కాదంటే, మన పేగులు సపోనిన్‌ను రక్తంలోకి పెద్దగా పోనివ్వవు. అలాగని అన్ని చేపల మందులూ ఇలాంటివే అనుకోవద్దు. అడవిలో చేపలకు వాడే వాటిలో మనిషిని చంపేవి కూడా ఉన్నాయి.

తన విషం తనకెందుకు ఎక్కదు?

ఇది నేనే మేడం గారిని అడిగాను. జవాబు చాలా బాగుంది. సముద్ర దోసకాయ కణాల పొరల్లో కొలెస్టరాల్ చాలా తక్కువ. దానికి బదులు వేరే రకం స్టెరాల్స్ ఉంటాయి. సపోనిన్ వాటిని గట్టిగా పట్టుకోలేదు. ఇంట్లో ఉన్న తాళానికి ఆ తాళం చెవి పట్టదన్నమాట. మొక్కల పొరల్లో కూడా కొలెస్టరాల్ తక్కువే. పైగా మొక్క తన సపోనిన్‌ను కణంలోని రిక్తికలో వేరుగా దాచిపెట్టుకుంటాది.

ఇంకొక వింత. కుంకుడు కూడా, సముద్ర దోసకాయ కూడా సపోనిన్ తయారీ స్క్వాలీన్ అనే ఒకే సరుకుతో మొదలుపెడతాయి. ఒకే పిండితో ఒకరు రొట్టె, ఒకరు గారె చేసినట్టు తర్వాత వేరే వేరే దారుల్లో పోతాయి. మొక్కలు, జంతువులు కోట్ల సంవత్సరాల కిందే విడిపోయాయి. ఒకరిని చూసి ఒకరు నేర్చుకోలేదు. సముద్ర దోసకాయల్లో ఈ పని చేసే జన్యువులు ఏవో 2022లో ఇంగ్లండ్‌లోని జాన్ ఇన్నెస్ సెంటర్ శాస్త్రవేత్తలు వివరించారు.

ఎందుకు రెండూ అదే పట్టుకున్నాయి? నాకు అర్థమైంది రాస్తాను. చెట్టు పారిపోలేదు. సముద్ర దోసకాయ పారిపోలేదు. పారిపోలేని వాళ్లు ఉన్న చోటనే బతకాలి. కాయను పురుగు, బూజు తినేయకుండా కుంకుడు కాయ చేదు పెట్టుకుంది. చేప కొరకకుండా సముద్ర దోసకాయ తన చర్మంలో విషం పెట్టుకుంది. కొన్ని రకాలైతే శత్రువు మీదకు తెల్లని జిగురు దారాలు వదులుతాయి. వాటిలో కూడా సపోనిన్ ఉంటాది. కొన్ని రకాలు మరీ కష్టం వస్తే తమ పేగులనే బయటికి వదిలేస్తాయి. కొన్ని వారాల్లో కొత్త పేగులు పెరుగుతాయి.

ఒకరికి విషం, ఇంకొకరికి ఇల్లు. చిన్న పీత ఒకటి ఆ సపోనిన్ల ఆనవాలు పట్టుకొనే తను ఉండవలసిన సముద్ర దోసకాయను వెతుక్కుంటాది. పెర్ల్ ఫిష్ అనే సన్నని చేప అయితే ఏకంగా సముద్ర దోసకాయ కడుపులోనే కాపురం ఉంటాది.

తేడాలు

పోలికలు చెప్పి తేడాలు చెప్పకపోతే పరీక్షలో సగం మార్కులే వేస్తారు. కాబట్టి రాస్తున్నాను.

1. కుంకుడు ఎండతో తన అన్నం తనే వండుకుంటాది. సముద్ర దోసకాయ ఇసుకలో వెతుక్కోవాలి.

2. కుంకుడులో సపోనిన్ ఎక్కువగా కాయ గుజ్జులో ఉంది. దోసకాయలో చర్మంలో, లోపలి అవయవాల్లో ఉంది.

3. కుంకుడు విషం కాయ చితికితేనే బయటికి వస్తాది. దోసకాయను బెదిరిస్తే తనే నీళ్లలోకి వదలగలదు.

4. కుంకుడు గింజ వేసి మొక్కను పెంచుతాది. చాలా సముద్ర దోసకాయల్లో ఆడది గుడ్లను, మగది బీజాన్ని నీళ్లలోకి వదిలేస్తాయి. అవి నీళ్లలోనే కలవాలి.

ఈ నాలుగో తేడా గుర్తుంచుకోండి. దానితో ఇప్పుడు పని ఉంది.

అసలు మాట

సముద్ర దోసకాయను ఎండబెట్టి చైనా వైపు దేశాలకు అమ్ముతారు. అక్కడ దాన్ని గొప్ప ఆహారంగా తింటారు. మన దేశంలో తమిళనాడు దగ్గర మన్నార్ సింధుశాఖ, పాక్ జలసంధి ప్రాంతంలో చాలామంది దాన్ని పట్టి బతికారు. ధర వస్తుందని పెద్దవీ చిన్నవీ అన్నీ తీశారు. అది పారిపోలేదు, విషం చేపలను ఆపింది గాని మనిషి చేతిని ఆపలేదు. మిగిలినవి దూరం దూరం అయిపోతే గుడ్లూ బీజమూ నీళ్లలో కలవవు, పిల్లలు పుట్టవు. 1982లో మూడు అంగుళాల కంటే చిన్నవి ఎగుమతి చేయకూడదని ప్రభుత్వం చెప్పింది. సరిపోలేదు. 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో పెట్టి పూర్తిగా నిషేధించారు. పులి ఉన్న షెడ్యూల్ అది. 2020లో లక్షద్వీప్‌లో వాటి కోసమే ఒక రక్షిత ప్రాంతం పెట్టారు. దొంగతనంగా పట్టడం మాత్రం ఇంకా ఆగలేదు. నీళ్లలో దిగి న్యాయంగా పట్టుకొని బతికిన పేదవాళ్లకు కూడా ఆ పని పోయింది.

మన కుంకుడుకు అలాంటి నిషేధం లేదు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం చిన్న తరహా అటవీ ఫలసాయం ఏరుకొనే, అమ్ముకొనే హక్కు మనది. ఇది మన పెద్దవాళ్లు పోరాడి తెచ్చుకున్నది. కాని హక్కు ఉంటే సరిపోదు, చెట్టు కూడా ఉండాలి. మా ఊరి మెట్ట మీద మూడు కుంకుడు చెట్లకు కాయలు తొందరగా వస్తాయని కొమ్మలకు కొమ్మలే నరికేశారు. ఆ ఏడాది బుట్టలు నిండాయి. తర్వాత ఏడాది ఆ మూడు చెట్లూ కాయలేదు. మా అమ్మ ఇంకో కొండ దాకా నడవవలసి వచ్చింది. గింజ నుంచి మొక్క వచ్చి కాపుకు రావడానికి చాలా ఏళ్లు పడుతుంది, నరకడానికి ఒక పూట చాలు.

ఇంకొకటి గెడ్డ సంగతి. పూర్వం మంగ కాయ కలిపితే ఒక మడుగులో, ఊరందరూ అనుకొని, నీళ్లు తగ్గిన కాలంలో కలిపేవారని మా మామ్మ చెప్తాది. సపోనిన్ నీళ్లలో కొద్ది రోజులకు విరిగిపోతాది. ఇప్పుడు కొందరు బ్లీచింగ్ పౌడరు, పురుగుల మందు పోస్తున్నారు. పోయిన ఎండాకాలం మా గెడ్డలో ఎవరో బ్లీచింగ్ కలిపారు. పెద్ద చేపలు వాళ్లు ఏరుకుపోయారు. పరిగెలు, పీతలు, కప్ప పిల్లలు తెల్లగా తేలిపోయాయి. మేము వారం రోజులు ఇసుకలో చెలమ తవ్వుకొని నీళ్లు తెచ్చుకున్నాం. నీళ్లలో విషం కలిపి చేపలు పట్టడం నేరమని 1897 నాటి మత్స్య చట్టంలోనే ఉంది. ఆ మాట మన ఊళ్లలో ఎవరూ చదివి చెప్పలేదు. మన ఇళ్లలో మొదట చదువుకుంటున్నది మనమే కదా, మనమే చెప్పాలి.

మనం చేయగలిగినవి

సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఈ నాలుగు పనులు చేద్దాం.

1. కుంకుడు కాయలు రాలినవి ఏరుకోవాలి, అందనివి కర్రతో దులుపుకోవాలి. కొమ్మ నరకనివ్వకూడదు.

2. గుజ్జు తీశాక గింజలు పెంటలో పారేయకుండా పది గింజలు చెట్టు లేని చోట మట్టిలో పెట్టాలి. పైపెంకు గట్టిది కాబట్టి మొలకకు వారాలు పడతాది. రాలేదని తవ్వి చూడొద్దు.

3. గెడ్డలో మందు కలిపే వాళ్లకు నీళ్లు తాగేది ఎవరో చెప్పాలి. వినకపోతే ఊరి పెద్దలకు చెప్పాలి.

4. హాస్టల్లో ఎవరైనా కుంకుడు రసంతో తల రుద్దుకుంటే మోటు అని నవ్వొద్దు. షాంపూ ప్యాకెట్టు వాడినవాళ్లనూ తిట్టొద్దు. కాని ఖాళీ ప్యాకెట్టు కాలువలో పడేయొద్దు. కుంకుడు తొక్క మట్టిలో కలిసిపోతాది, ఆ ప్యాకెట్టు కలవదు.

చదివారు కదా, ఇప్పుడు జవాబులు చెప్పండి

1. ఉప్పునీళ్లలో సబ్బు విరిగినా కుంకుడు నురగ ఎందుకు ముఖ్యమని ఈ వ్యాసంలో రాశాను?

2. సముద్ర దోసకాయకు తన విషం ఎందుకు ఎక్కదు?

3. సముద్ర దోసకాయలు మరీ తగ్గిపోతే మళ్లీ పెరగడం ఎందుకు కష్టం?

4. మీ ఊరి చుట్టూ కాసే కుంకుడు చెట్లు ఎన్ని? ఈ జవాబు ఏ పుస్తకంలోనూ లేదు. సెలవుల్లో లెక్కపెట్టి, వచ్చాక ఈ పత్రిక కింద కాగితంలో మీ ఊరి పేరు పక్కన రాయండి. వచ్చే ఏడాది మళ్లీ లెక్కపెడదాం.

— తొమ్మిదవ తరగతి విద్యార్థిని